హనోయిలోని హోవా లో జైలు మ్యూజియం: ఫ్రెంచి పాలనను దగ్గరగా చూపించే చోటు

హనోయిలో చూడదగ్గవి ఏమిటని అడిగిన మిత్రులకు నేను మొదట చెప్పే పేరు హోవా లో జైలు మ్యూజియం. ఫ్రెంచివారు 1896లో కట్టడం మొదలుపెట్టి, 1954 అక్టోబరులో నగరాన్ని విడిచి వెళ్లేదాకా నడిపిన కేంద్ర కారాగారంలో కూల్చివేతకు గురికాకుండా మిగిలిన భాగమిది. వియత్నాం వెళ్లే తెలుగువారి సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది కానీ, వారిలో ఎక్కువమంది హా లాంగ్ అఖాతంలో పడవ ప్రయాణం, హోయ్ ఆన్ దీపాల వీధులు, డా నాంగ్ కొండమీది వంతెన చూసుకుని తిరిగి వచ్చేస్తున్నారు. ఆ దేశం గురించి మనవారికి తెలిసినది కూడా ప్రధానంగా అమెరికాతో జరిగిన యుద్ధమే. దానికి ముందు దాదాపు వందేళ్లపాటు వియత్నాం, కంబోడియా, లావోస్ ప్రజలు ఏ పాలన కింద నలిగారో, ఆ పాలన రోజువారీగా ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఈ జైలులో గడిపే ఒక పూట చాలా ఉపయోగపడుతుంది. లోపాలు లేవని కాదు. వాటి గురించి కూడా కింద వివరంగా రాస్తాను.

ముందుగా వెళ్లేవారికి అవసరమైన విషయాలు. మ్యూజియం హోవాన్ కియెమ్ సరస్సు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, హోవా లో వీధిలోనే ఉంది. ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 5 గంటల వరకు తెరిచి ఉంటుంది. ప్రవేశ రుసుము మన లెక్కలో పెద్ద భారమేమీ కాదు. చెవికి పెట్టుకుని వినే ఆడియో గైడ్‌కు వేరుగా చెల్లించాలి, ఇంగ్లిషులో లభిస్తుంది. దానికి పెట్టే డబ్బుకు వెనకాడవద్దని నా గట్టి సలహా. గోడల మీది పలకల్లో ఇంగ్లిషు పాఠం ఉన్నప్పటికీ అది క్లుప్తంగా ఉంటుంది. ఏ గదిలో ఎవరిని ఉంచారు, ఎందుకు ఉంచారు అన్న కథనం ఆడియోలోనే సమగ్రంగా దొరుకుతుంది. బృందంగా వెళ్లేవారికి ఒక హెచ్చరిక. మేము కుదుర్చుకున్న ప్రయాణ సంస్థ ఈ జైలును భోజనానికి ముందు ఖాళీగా మిగిలిన కాసేపట్లో ఇరికించింది, అందుచేత మా బృందంలో చాలామంది గిలటిన్ (తల నరికే యంత్రం) ముందు ఫొటో తీసుకుని బయటికి నడిచారు. నేను వేరుగా మళ్లీ వెళ్లి చూడవలసి వచ్చింది. కనీసం రెండున్నర గంటలు కేటాయించలేనివారు వెళ్లకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

వీధిలోకి తెరుచుకునే కమానుపై ఫ్రెంచిలో ‘మేజోం సాంత్రాల్’ (కేంద్ర కారాగారం) అన్న అక్షరాలు నేటికీ ఉన్నాయి. దాని ఇరువైపులా సాగిన రాతి గోడ నాలుగు మీటర్ల ఎత్తు, అర మీటరు మందం. గోడ పైభాగాన పగిలిన గాజు పెంకులు గుచ్చి, విద్యుత్తు తీగలు కూడా లాగారు. లోపలికి అడుగుపెట్టగానే మొదట కనిపించేవి సంకెళ్లు కావు, మట్టి పొయ్యిలు, మట్టి కెటిళ్లు. జైలు కట్టక ముందు ఇక్కడ ఫూ ఖాన్ అనే ఊరు ఉండేది. అక్కడివారు మట్టితో పొయ్యిలు, దీపాలు, వంటపాత్రలు చేసి నగరమంతా అమ్ముకునేవారు. జైలుకూ దాని సరసనే కోర్టుకూ స్థలం కావాలని ఆ కుటుంబాలను లేపి మరోచోటికి పంపారు. ఊరి గుడులు కూడా పోయాయి. అద్దాల పెట్టెలో ఉన్న ఆ పొయ్యిల అంచులు వేళ్లతో ఒత్తి చేసినట్టు కొంచెం వంకరగా ఉన్నాయి. ఒక పరాయి ప్రభుత్వం ఒక నేల మీదికి వచ్చినప్పుడు మొట్టమొదట పోయేవి ఇటువంటి వృత్తులూ ఇళ్లూ అన్న సంగతిని ఈ ప్రదర్శన పెద్ద మాటలేవీ లేకుండా చెబుతుంది. మ్యూజియం రూపకర్తలు చేసిన మంచి ఎంపికల్లో నా దృష్టిలో ఇదే మొదటిది.

ఇంత పెద్ద జైలు 1896 నాటికి ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే కొద్దిగా వెనక్కి వెళ్లాలి. మ్యూజియం ఈ నేపథ్యాన్ని చాలా తొందరగా దాటేస్తుంది కనుక వెళ్లేముందు తెలుసుకుని వెళ్లడం మేలు. మత ప్రచారకుల రక్షణ పేరుతో ఫ్రెంచి నౌకాదళం 1858లో డా నాంగ్‌పై దాడి చేసింది, మరుసటి ఏడు సైగాన్‌ను పట్టుకుంది. 1862 ఒడంబడికతో దక్షిణాన మూడు రాష్ట్రాలు, 1867లో మరో మూడు వారి చేతిలోకి వెళ్లాయి. 1863లో కంబోడియా రాజు రక్షణ ఒప్పందానికి తలవంచాడు. 1883, 1884 ఒప్పందాలతో వియత్నాం చక్రవర్తుల రాజధాని హుయేలోని రాజదర్బారు పేరుకు మాత్రమే మిగిలింది. 1887లో ఈ ప్రాంతాలన్నిటినీ ఒకే ఫ్రెంచి పాలన కిందికి తెచ్చిన ఇండోచైనా యూనియన్ ఏర్పడింది, 1893లో లావోస్‌ను కూడా అందులో కలిపారు. ఉత్తర వియత్నాంలో సాయుధ ప్రతిఘటన మాత్రం ఆ తరవాత కూడా చల్లారలేదు. పట్టుబడినవారిని విచారించడానికి కోర్టు, ఉంచడానికి జైలు పక్కపక్కనే కట్టడంలోని ఉద్దేశం అదే.

జైలు పని మొదలైన మరుసటి ఏడాది, 1897లో, గవర్నర్ జనరల్‌గా వచ్చిన పాల్ దూమేర్ ఈ పాలనకు ఆర్థికంగా గట్టి పునాది వేశాడు. ఉప్పు, సారా, నల్లమందు మూడింటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని బిగించి, వాటి రాబడితో ఇండోచైనా మొత్తానికి ఒకే బడ్జెట్‌ను నడిపాడు. ఎర్ర నది మీద నేటికీ రైళ్లు నడుస్తున్న లాంగ్ బియెన్ వంతెన 1902లో అతని పేరుతోనే ప్రారంభమైంది. ఫ్రెంచివారు కట్టిన వంతెనలూ రైలు మార్గాలూ చూపించి ఆ పాలనను మెచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ డబ్బు ఎవరి ఉప్పు మీదా, ఎవరి మత్తు మీదా వచ్చిందో వారు చెప్పరు. పండుగలకూ పితృకార్యాలకూ ఇంట్లో బియ్యంతో సారా కాచుకునే తరతరాల ఆచారం నేరమైంది. గుత్తాధిపత్యం కింద అమ్మే సారానే కొనమని ఊళ్ల మీద ఒత్తిడి తెచ్చారు. ఉప్పు పన్ను బాధను స్వయంగా అనుభవించిన దేశస్థులుగా ఈ భాగం మనకు వెంటనే అర్థమవుతుంది. కోర్టుకూ జైలుకూ వచ్చినవారిలో తిరుగుబాటుదారులతోపాటు ఇటువంటి చట్టాల కింద నేరస్థులైన సామాన్యులు కూడా ఉన్నారన్నది మరచిపోకూడని విషయం. మ్యూజియంలో వారి ఊసు నాకు కనిపించింది చాలా తక్కువ.

లోపలి గదుల్లో అత్యంత బలమైనది పురుష రాజకీయ ఖైదీల పెద్ద గది. పొడవాటి గదికి రెండు వైపులా ఎత్తయిన అరుగులు, నడుమ కాపలావాడు నడవడానికి దారి. అరుగుల అంచున బారుగా అమర్చిన బొండకొయ్యల్లో కాళ్లు బిగించి కూర్చున్న మనుషుల బొమ్మలు రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటాయి. కొందరు పక్కవాడికి విసనకర్రతో విసురుతున్నట్టు, కొందరు మాట్లాడుకుంటున్నట్టు, ఒకరు రోగంతో వాలిపోయినట్టు మలిచారు. అరుగు చివరన, అందరి కళ్ల ముందే, మరుగుదొడ్డి. సాధారణంగా మ్యూజియాలలో ఇటువంటి బొమ్మలు నాకు నచ్చవు. చూసేవారి ఊహకు పని లేకుండా చేస్తాయి. ఇక్కడ మాత్రం బొమ్మలు లేకపోతే ఆ గదిలోని ఇరుకు తెలిసేది కాదు. మొదట సుమారు 450 మందికని అనుకున్న ఈ జైలులో 1916 నాటికి 730 మంది, 1922 నాటికి 895 మంది, 1933 నాటికి 1,430 మంది ఉన్నారు. ఫ్రెంచివారు వెళ్లిపోయే 1954 నాటికి ఆ సంఖ్య 2,000 దాటింది. ఈ అంకెల మధ్య దేశచరిత్ర మొత్తం ఉంది. 1922, 1933 లెక్కల నడుమనే 1930 ఫిబ్రవరిలో యెన్ బాయ్ సైనిక శిబిరంలో తిరుగుబాటు, అదే సంవత్సరం న్గె అన్, హా తిన్ రాష్ట్రాల రైతుల ఉద్యమం, దానిమీద జరిగిన భయంకరమైన అణచివేత వచ్చాయి. ఇదంతా పెద్ద అక్షరాలతో ఒక గోడ మీద గీసి చూపించి ఉంటే సందర్శకుడికి ఎంతో స్పష్టంగా ఉండేది.

శిక్ష పడినవారిని మళ్లీ శిక్షించడానికి వాడిన చీకటి కొట్లు ఆ తరవాత వస్తాయి. వీటిలో నేల సమతలంగా లేదు. పడుకుంటే తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా వాలుగా కట్టి, కాళ్లను పైభాగంలోనే బిగించేవారు. నిద్రను కూడా హింసగా మార్చాలని ఒక ఇంజనీరు కూర్చుని కొలతలు వేసి, మేస్త్రీలకు పని అప్పగించిన ఫలితమిది. ఆవేశంలో కొట్టే దెబ్బకూ ఈ వాలు నేలకూ ఉన్న తేడాను అక్కడ నిలబడి చూసినవారు మరచిపోలేరు. కొట్లలోకి తొంగిచూడడానికి వంగాల్సి వస్తుంది, వెలుతురు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఈ భాగంలో జాగ్రత్తగా నడవాలి.

స్త్రీల గది చిన్నది. పసిపిల్లలతోపాటు తల్లులను ఉంచేవారని అక్కడి బొమ్మలు చూపుతాయి. జనరల్ గియాప్ పేరు మన పాఠకులు చాలామంది విని ఉంటారు. దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన ఆ సేనాపతి మొదటి భార్య న్గుయెన్ థీ క్వాంగ్ థాయ్ ఈ జైలులోనే మరణించారు. ఆమె కూడా ఉద్యమకారిణే. భర్త పేరుతో గాక ఆమె పేరుతోనే ఆమెను గుర్తుపెట్టుకోవాలని ఈ వాక్యం రాస్తున్నాను.

గిలటిన్ ఉన్న గది దగ్గర సందర్శకులు గుమిగూడతారు. రెండు నిలువు కొయ్యల మధ్య బరువైన కత్తి, కింద మెడ ఇమిడే గుండ్రటి కంత, పక్కన శరీరాన్ని వేయడానికి అల్లిన గంప. యంత్రం కంటే గోడ మీది పాత ఛాయాచిత్రాల ముందు ఎక్కువసేపు నిలబడమని నా మనవి. 1908 జూన్ 27 రాత్రి హనోయి సైనిక స్థావరంలో పనిచేసే వియత్నామీ వంటవాళ్లు ఫ్రెంచి సైనికుల భోజనంలో విషం కలిపారు. సైనికులు మత్తులో ఉండగా నగరాన్ని పట్టుకోవాలన్నది పథకం. సైనికులెవరూ చనిపోలేదు, కుట్ర బయటపడింది. ఆ తరవాత పలువురి తలలు నరికి ప్రజలకు కనిపించేలా ప్రదర్శనకు పెట్టారు. నరికిన ఆ తలల ఫొటోలు అప్పట్లో పోస్టుకార్డులుగా కూడా అచ్చయ్యాయి. ఒక సామ్రాజ్యం తన చేతలను దాచుకోకుండా, తపాలా బిళ్ల అంటించి స్వదేశానికి పంపుకోగలిగిందంటే, ఆ చేతలు తప్పని దానికి తోచలేదన్నమాట.

యెన్ బాయ్ తిరుగుబాటుకు నాయకత్వం వహించిన జాతీయవాద పార్టీ నేత న్గుయెన్ థాయ్ హోక్ కూడా హోవా లోలో ఖైదీగా ఉన్నాడు. 1930 జూన్ 17న అతనితో కలిపి 13 మందిని యెన్ బాయ్‌కు తీసుకువెళ్లి గిలటిన్ కింద చంపారు. అతను కమ్యూనిస్టు కాదు. అంతకుముందు తరానికి చెందిన ఫాన్ బోయ్ చౌను 1925లో షాంఘైలో పట్టుకుని తెచ్చి ఇక్కడే ఉంచారు. ఆయనా కమ్యూనిస్టు కాదు. ఈ ఇద్దరికీ మ్యూజియంలో చోటు ఉంది గాని, తరవాతి కాలంలో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శులైన ఐదుగురు పూర్వ ఖైదీలకు — న్గుయెన్ వాన్ కు, త్రువాంగ్ చిన్, లె డువాన్, న్గుయెన్ వాన్ లిన్, దో ముయోయ్ — ఇచ్చిన ప్రాధాన్యం ముందు అది వెలవెలబోతుంది. ఫ్రెంచి పాలనను ఎదిరించినవారు ఎన్నో దారుల్లో వచ్చారు. గెలిచిన దారి ఒక్కటే మొదటినుంచీ రాజమార్గమైనట్టు చూపడం మిగిలినవారికి అన్యాయం.

ఖైదీలు జైలును బడిగా మార్చుకున్న తీరును వివరించే భాగం మాత్రం నిజంగా మనసును పట్టుకుంటుంది. చదువు రానివారికి అక్షరాలు నేర్పడం, చేతిరాత పత్రికలు నడపడం, రాజకీయ చర్చలు జరపడం, తెచ్చుకున్న కాగితాలను కాపలావాళ్ల కళ్లు కప్పి చేతులు మార్చడం ఇక్కడ వస్తువులతో సహా చూపించారు. పెరట్లో ఒక నాటు బాదం చెట్టు ఉంది. దాని నీడలో ఖైదీలు కలుసుకునేవారు, ఆకులూ బెరడూ మందుగా వాడుకునేవారు, కొమ్మలతో పిల్లనగ్రోవులూ చిన్న సామానూ చేసుకునేవారు. మన ఇళ్ల పెరళ్లలో ఎర్రబడి రాలే అవే వెడల్పాటి ఆకులు అక్కడి రాతి పలకల మీద పడి ఉన్నాయి. ఆ పెరట్లోనే పాత మురుగు తూము ముక్కను భద్రపరిచారు. 1945 మార్చి 9న జపాన్ సైన్యం ఫ్రెంచి ప్రభుత్వాన్ని కూలదోసిన గందరగోళంలో నూరుమందికి పైగా రాజకీయ ఖైదీలు తూముల గుండానూ గోడలు దూకీ తప్పించుకున్నారు. వారిలో పలువురు కొన్ని నెలల తరవాత, కమ్యూనిస్టుల నాయకత్వంలో అధికారాన్ని చేజిక్కించుకున్న ఆగస్టు విప్లవంలో పాల్గొన్నారు. 1951 క్రిస్మస్ ముందురోజు మరణశిక్ష పడిన 16 మంది ఇనుప ఊచలు కోసి తూములోకి దిగారు, చివరకు బయటపడగలిగినది ఐదుగురే. తూము నోరు ఎంత ఇరుకో చూశాక, లోపల ఊపిరి బిగబట్టి పాకినవారి తెగువ ఏపాటిదో తెలుస్తుంది.

ఇక పెద్ద లోపాల విషయం. మొదటిది పొరుగు జాతుల గురించి పాటించిన మౌనం. ఇండోచైనా యూనియన్ అన్నది ఒక్క వియత్నామీల బాధ కాదు. లావోస్, కంబోడియా రైతులు కూడా తల పన్ను కట్టారు, రోడ్ల పనికి వెట్టిగా వెళ్లారు, తిరగబడ్డారు. 1925లో కంబోడియాలో పన్ను వసూలుకు వచ్చిన బార్దేజ్ అనే ఫ్రెంచి అధికారిని ఊరివాళ్లే చంపారంటే ఆ భారం ఎంతటిదో ఊహించవచ్చు. హనోయి ఈ యూనియన్‌కు రాజధాని. ఈ మూడు దేశాల సంబంధం గురించి చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు. ఫ్రెంచివారు కింది ఉద్యోగాల్లో ఇతర వలసలవారిని వాడుకున్న సంగతి కూడా ఇక్కడ చెప్పవలసింది. పుదుచ్చేరి, కారైకాల్ నుంచి వెళ్లిన భారతీయులు సైగాన్ ప్రాంతంలో పన్ను వసూళ్లు, పోలీసు వంటి ఉద్యోగాలు చేశారు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా అదే ఫ్రెంచి సామ్రాజ్యంలోనిదని గుర్తుంచుకుంటే ఈ చరిత్ర అంత దూరపుదిగా అనిపించదు. 1954 మే 7న దియన్ బియన్ ఫూ కూలింది, జూన్ నెలలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ప్యారిస్‌లో వలసలను నిలబెట్టుకోవాలన్న పట్టుదల సడలిన ఏడాది అది.

రెండవ లోపం ఇంకా గంభీరమైనది. 1964 నుంచి 1973 వరకు ఇదే జైలులో అమెరికా విమాన చోదకులను యుద్ధఖైదీలుగా ఉంచారు. తరవాత సెనేటరైన జాన్ మెకెయిన్ వారిలో ఒకరు. రెండు గదుల్లో వారు బంతి ఆడుతున్నట్టు, క్రిస్మస్ చెట్టు అలంకరిస్తున్నట్టు ఫొటోలు పెట్టి, మంచి ఆదరణ లభించిందని రాశారు. విడుదలైన తరవాత మెకెయిన్‌తో సహా అనేకమంది తమను ఎలా హింసించారో వివరంగా చెప్పారు. వారు బాంబులు వేయడానికి వచ్చినవారే, ఆ బాంబుల కింద పోయిన ప్రాణాల లెక్క వేరే ఉంది. అయినా నిస్సహాయుడైన ఖైదీని హింసించడం ఎవరు చేసినా హింసే. ఫ్రెంచివారి చీకటి కొట్ల గురించి అంత నిజాయితీగా మాట్లాడిన మ్యూజియం నాలుగు గదులు దాటేసరికి తన వంతు వచ్చినప్పుడు మాట దాటవేయడం వల్ల, ముందు చెప్పిన నిజాలను కూడా కొందరు సందర్శకులు అనుమానించే ప్రమాదం ఉంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అదే, ఎందుకంటే ముందు గదుల్లో చెప్పినది నిజం.

జైలు మొత్తం మిగలలేదన్న అసంతృప్తి కూడా ఉంది. 12,000 చదరపు మీటర్లకు పైగా ఉన్న ప్రాంగణంలో అధిక భాగాన్ని 1990ల్లో కూల్చి బహుళ అంతస్తుల భవనాలు కట్టారు; మ్యూజియంగా మిగిలినది సుమారు 2,400 చదరపు మీటర్లే. పెరట్లో నిలబడి తలెత్తితే గోడ వెనక ఆ భవనాలే కనిపిస్తాయి. అసలు ప్రాంగణం ఎంత ఉండేదో లోపల ఉన్న నమూనాలో ముందే చూసుకుంటే గదుల వరస సులభంగా అర్థమవుతుంది.

సందర్శన ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదానిపై నా అభిప్రాయం ఇది. ఉదయం తలుపులు తెరిచే వేళకే వెళ్లండి. పది దాటితే బృందాల రద్దీ పెరిగి ఇరుకు వరండాల్లో నిలబడి చదవడం కష్టమవుతుంది. పురుషుల గది, చీకటి కొట్లు, తూము ఉన్న పెరడు, 1908 ఛాయాచిత్రాలు — ఈ నాలుగింటికి ఎక్కువ సమయం ఇచ్చి, అమెరికన్ల గదులను చివరకు పెట్టుకోండి. మధ్యాహ్నం జాతీయ చరిత్ర మ్యూజియానికి వెళ్తే ఫ్రెంచివారికి ముందున్న వియత్నాం కనిపిస్తుంది. ఆ భవనం కూడా ఫ్రెంచివారు కట్టినదే. సాయంత్రం ఎండ తగ్గాక లాంగ్ బియెన్ వంతెన మీద నడవవచ్చు. పదేళ్ల లోపు పిల్లలను జైలుకు తీసుకువెళ్లవద్దు. హైస్కూలు వయసు పిల్లలైతే తప్పక తీసుకువెళ్లండి. గిలటిన్ గదికి ముందే 1908 సంగతి వారికి చెప్పి ఉంచితే, ఆ ఫొటోలు ఎందుకు ఉన్నాయో అర్థం చేసుకుని చూస్తారు.